విగ్రహం ఎత్తును ద్వారం నిర్ణయిస్తుందా? గుడి, స్తూపం, శిల్పంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఊళ్లో చిన్న వేణుగోపాలస్వామి గుడి కడుతున్నాం. దాత అయిదడుగుల విగ్రహం ఇస్తానంటున్నారు. శిల్పి మాత్రం ద్వారం కొలత తేలనిదే ఉలి పట్టనంటున్నాడు. ఇందులో శాస్త్రం ఎంత, ఆయన పంతం ఎంత?
– నంద్యాల జిల్లా నుంచి ఒక పాఠకుడు

శిల్పి మాట వినండి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గుడి కొలతలన్నీ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టేలా చెప్పాడు. గుడి వెడల్పు ఎంతో ఎత్తు దానికి రెట్టింపు. వెడల్పులో సగం గర్భగుడికి, తక్కిన సగం చుట్టూ గోడలకు. గర్భగుడిలో నాలుగో వంతు ద్వారం వెడల్పు, దానికి రెట్టింపు ద్వారం ఎత్తు. ఆ ఎత్తులో ఎనిమిదో వంతు తీసేసి, మిగిలినదాన్ని మూడు భాగాలు చేస్తే ఒక భాగం పీఠం, రెండు భాగాలు విగ్రహం.

లెక్క వేసి చూద్దాం. గుడి వెడల్పు 16 మూరలనుకోండి. మూర 18 ఇంచీల కింద లెక్కిస్తే 24 అడుగులు. గర్భగుడి 12 అడుగులు, గోడలు ఒక్కో వైపు 6 అడుగులు, ద్వారం 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. ద్వారం ఎత్తు 72 ఇంచీల్లో 9 తీసేస్తే 63. పీఠం 21 ఇంచీలు, విగ్రహం 42 ఇంచీలు, అంటే మూడున్నర అడుగులు. ఇప్పుడు మీ దాత గారి అయిదడుగుల విగ్రహంతో మొదలుపెట్టి వెనక్కి రండి. పీఠం రెండున్నర అడుగులు, ద్వారం దాదాపు 8 అడుగుల 7 ఇంచీలు, గర్భగుడి 17 అడుగుల పైచిలుకు, గుడి వెడల్పు 34 అడుగులు దాటుతుంది, శిఖరం 68 అడుగులు దాటుతుంది. అంత గుడి కట్టే ఉద్దేశం ఉంటే అయిదడుగుల విగ్రహం నిక్షేపంగా తెచ్చుకోవచ్చు.

ఇలా ఎందుకంటే దర్శనం గడప అవతలి నుంచి జరుగుతుంది కాబట్టి. మంటపంలో నిలబడ్డ మనిషికి పాదాల నుంచి కిరీటం దాకా స్వామి ఒకే చూపులో కనిపించాలి. ఆరడుగుల ద్వారం వెనక ఏడున్నర అడుగుల ఎత్తున పీఠమూ విగ్రహమూ నిలబెడితే దూరం నుంచి చూసేవాళ్లకు మొహం ద్వారబంధం పైకమ్మీకి అడ్డుపడుతుంది. హారతి పళ్లెం ఎత్తినప్పుడు వెలుగు నడుము దగ్గరే ఆగిపోతుంది. ఇతర శిల్పశాస్త్రాల్లో, ఆగమాల్లో వేరే నిష్పత్తులున్నాయి. కొన్ని గర్భగుడి వెడల్పు నుంచి మొదలవుతాయి, కొన్ని స్తంభం ఎత్తు నుంచి. మీ గుడి వైఖానసమా పాంచరాత్రమా (వైష్ణవ ఆగమాల్లో ఇవి రెండు సంప్రదాయాలు) అన్నదాన్ని బట్టి స్థపతి, అంటే గుడి నిర్మాణం చూసే శిల్పి, ఒక పద్ధతి ఎంచుకుంటాడు. ఏ పద్ధతి పట్టుకున్నా విగ్రహం కొలత గుడి కొలతలోంచే రావాలి.

ఇక విగ్రహం లోపలి కొలత. దాన్ని తాళమానం అంటారు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా ఉన్న పొడవు ఒక తాళం. తాళానికి 12 అంగుళాలు. నవతాళ విగ్రహానికి 108 అంగుళాలు: మొహం 12, మెడ 4, మెడ నుంచి గుండె దాకా 12, గుండె నుంచి నాభి దాకా 12, నాభి నుంచి కాళ్ల మొదలు దాకా 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. ఈ అంగుళానికీ టేపు మీద అంగుళానికీ సంబంధం లేదు. విగ్రహం ఎత్తును 108 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఇది. 42 ఇంచీల విగ్రహానికి మొహం నాలుగు ఇంచీలు, పైన ఇంచీలో మూడింట రెండు వంతులు వస్తుంది. శిల్పులు ఒక బద్దను విగ్రహం ఎత్తుకు కోసి, దాని మీద ఈ గుర్తులు పెట్టుకుని పని మొదలుపెడతారు.

ఎవరికి ఎన్ని తాళాలన్నదాంట్లోనే తత్త్వమంతా ఉంది. మనుషులకు ఎనిమిది, దేవతలకు తొమ్మిది, త్రిమూర్తుల వంటి పెద్ద దేవుళ్లకు పది. వినాయకుడికి అయిదు. వామనుడికి, పసిపిల్లల రూపాలకు కూడా తక్కువే. తాళాలు పెరిగేకొద్దీ ఒంటితో పోలిస్తే మొహం చిన్నదవుతుంది, రూపం మన లోకపు కొలతల్లోంచి తప్పుకుంటుంది. శిల్పి ఎదురుగా మనిషిని నిలబెట్టుకుని చెక్కడు. ధ్యానశ్లోకం చదువుకుని, ఈ లెక్కతో చెక్కుతాడు.

పని చెడేది సాధారణంగా మూడు చోట్ల. ఒకటి, ఒప్పందంలో "42 ఇంచీల విగ్రహం" అని రాసి ఊరుకోవడం. 108 లెక్కలో నడినెత్తి జుట్టు, కిరీటం చేరవు. పీఠంలోకి దిగే అడుగు ముక్క కూడా చేరదు. వాటితో కలిపా, విడిగానా అన్నది కాగితం మీద ఉండాలి. రాయి కొనేటప్పుడూ ఆ అదనం లెక్కలోకి రావాలి. రెండు, ఇంకో గుడి విగ్రహాన్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి "ఇలాంటిదే" అనడం. కింద నుంచి తీసిన ఫొటోలో కాళ్లు పొడుగ్గా, తల చిన్నగా వస్తాయి. శిల్పి ఆ ఫొటోనే నమ్మితే విగ్రహమూ అలాగే వస్తుంది. మూడు, ప్రతిష్ఠ అయ్యాక నేల మీద గ్రానైటు పలకలు పరచడం. సిమెంటుతో కలిపి నేల మూడు నాలుగు ఇంచీలు లేస్తుంది, ద్వారం ఆ మేరకు పొట్టిదవుతుంది. పైన వేసిన లెక్కంతా నీళ్లపాలు.

ప్రశ్న: గర్భగుడి కింద అయస్కాంత శక్తి గల రాగిరేకులు పెడతారనీ, ప్రదక్షిణ చేస్తే ఆ తరంగాలు ఒంట్లోకి వస్తాయనీ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. నిజమేనా?
– హైదరాబాద్ నుంచి

కాదు. రాగికి అయస్కాంత గుణం లేదు. పునాదిలో రాగి పెట్టే ఆచారం మాత్రం ఉంది. దాన్ని గర్భన్యాసం అంటారు. తొమ్మిది లేదా ఇరవై అయిదు గదులున్న రాగి పెట్టెలో ధాన్యాలు, లోహాలు, రత్నాలు, మట్టి, మూలికలు ఒక్కో గదిలో ఒక్కోటి వేసి, మూత బిగించి, రాత్రిపూట ముహూర్తం చూసి పునాదిలో ఉంచుతారు. గుడిని ఒక దేహంగా భావించారు కాబట్టి ముందు గర్భం నిలపాలి. పేర్లు కూడా ఒంటి పేర్లే చూడండి: పాదం, జంఘ, కంఠం, శిఖరం. ఆ లోపల స్వామి ఉండే చోటు గర్భగృహం. ఈ ఊహ ఎంత గట్టిదో చూశాక దానికి అయస్కాంతపు దన్ను అవసరమనిపించదు.

ప్రశ్న: అమరావతి శిల్పాల్లో కొన్నిటిలో బుద్ధుడు మనిషిగా ఉన్నాడు, కొన్నిటిలో పాదముద్రలే ఉన్నాయి. ఒకే స్తూపం మీద రెండు పద్ధతులు ఎందుకు? ఆయక స్తంభాలు అంటే ఏమిటి?
– గుంటూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అమరావతి స్తూపం ఒక్కసారి కట్టింది కాదు. క్రీస్తుపూర్వం మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి, తర్వాతా కొన్ని శతాబ్దాలు పని సాగింది. పాత పలకల్లో బుద్ధుడు గుర్తులుగానే ఉంటాడు. ఖాళీ ఆసనం, చక్రం ఉన్న పాదముద్రలు, బోధివృక్షం, మంటలు లేచే స్తంభం. గృహత్యాగం దృశ్యంలో గుర్రం బయలుదేరుతుంది, మీద ఎవరూ ఉండరు, పైన గొడుగు మాత్రం పట్టి ఉంటుంది. జననం దృశ్యంలో మాయాదేవి చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడితే, పక్కన దేవతలు పట్టిన గుడ్డ మీద చిన్న పాదాల గుర్తులుంటాయి. తర్వాతి కాలపు పలకల్లో మానవరూపం వచ్చింది. నలగిరి ఏనుగును లొంగదీసిన వృత్తఫలకం అందుకు మంచి ఉదాహరణ, ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. అందులో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకసారి జనాన్ని తొక్కుతూ, ఇంకోసారి బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి. కథ వేర్వేరు క్షణాల్లో జరిగినా చోటు ఒకటే కాబట్టి శిల్పి రెండిటినీ ఒకే చట్రంలో ఇమిడ్చాడు.

గుర్తులు ఎందుకన్నదాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. పరినిర్వాణం పొందినవాణ్ని ఇక ఏ రూపంతోనూ చూపలేం, అందుకే చోటు ఖాళీగా వదిలారన్నది పాత వివరణ. ఆ దృశ్యాల్లో చాలా మటుకు బుద్ధుడి జీవిత ఘట్టాలు కావు, ఆ తర్వాత భక్తులు బోధివృక్షాన్నీ ఆసనాన్నీ కొలుస్తున్న దృశ్యాలేనన్నది ఇంకో వాదం. రెండో వాదం కొన్ని పలకలకు బాగా అతుకుతుంది. రౌతు లేని గుర్రానికి మాత్రం అతకదు.

ఆయక స్తంభాలు ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత, సాంచిలో కనిపించవు. స్తూపం గుండ్రటి అరుగు మీద నాలుగు దిక్కులకూ ఒక్కో వేదిక ముందుకు పొడుచుకు వస్తుంది. ఒక్కో వేదిక మీద అయిదు స్తంభాలు, మొత్తం 20. జననం, గృహత్యాగం, సంబోధి (జ్ఞానోదయం), ధర్మచక్రప్రవర్తనం (తొలి బోధ), పరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు. అవి పైకప్పును మోయవు. నడిచేవాడు ప్రతి దిక్కు దగ్గరా ఒకసారి ఆగి, ఆ అయిదిటినీ తలుచుకోవడానికే ఉన్నాయి.

స్తూపం లోపలికి దారి ఉండదు. ధాతువు (పవిత్ర అవశేషం) లోపల, మనిషి బయట, మధ్యలో కుడివైపుగా తిరగడం ఒక్కటే చేయగలిగిన పని. శిల్పాల అమరిక కూడా దానికి తగ్గట్టే ఉంది. ప్రాకారపు కంచె వ్యాసం సుమారు 192 అడుగులు. దాని బయటి వైపు ఎక్కువగా పద్మాలు, లోపలి వైపు కథలు. బయటి నుంచి వచ్చేవాడికి ముందు పూలు కనిపిస్తాయి, లోపల అడుగుపెట్టి నడిస్తేనే కథ మొదలవుతుంది. స్తూపం ఇప్పుడు మట్టి దిబ్బ. అయినా అది ఎలా ఉండేదో తెలుస్తుందంటే స్తూపం పలకల మీదే స్తూపం బొమ్మ చెక్కి పెట్టినందువల్ల. పిల్లల్ని తీసుకెళ్తే ముందు అమరావతి మ్యూజియంలో అలాంటి పలక ఒకటి చూపించి, తర్వాత దిబ్బ దగ్గరకు తీసుకెళ్లండి. వరస తిరగేస్తే పిల్లలకు దిబ్బే గుర్తుంటుంది.

నాగార్జునకొండ స్తూపాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పైనుంచి చూస్తే వాటి పునాది ఆకులు (చక్రపు చువ్వలు) ఉన్న బండిచక్రంలా ఉంటుంది. ఇటుక గోడలు ఆకుల్లా పరుచుకుని, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ఇటుక ఆదా అయింది, బరువు గోడలన్నిటి మీదా సమంగా పడింది. ధర్మచక్రం కూడా అయింది. మేస్త్రీ లెక్కా భిక్షువు భావనా ఒకే గోడలో కలిసిపోయాయి కాబట్టి, ఏది ముందన్న వాదనలోకి మేం దిగం.

ప్రశ్న: ఆలంపురంలో నవబ్రహ్మ ఆలయాలన్నీ శివాలయాలేనట. మరి ఆ పేరెందుకు?
– కర్నూలు నుంచి

తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తొమ్మిదిటి పేర్ల చివరా బ్రహ్మ ఉన్నా అన్నీ శివుడి గుళ్లే. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించారు. వెళ్లినప్పుడు పేరు కన్నా నడక మీద దృష్టి పెట్టండి. చాలా గుళ్లలో ప్రదక్షిణ దారి గోడల లోపలే ఉంది. అంటే గర్భగుడికీ బయటి గోడకీ మధ్య కప్పు కింద, మసక వెలుతురులో తిరుగుతారు. రామప్పలో ఇదే దారి ఎండలో, ఆరుబయట అరుగు మీద ఉంటుంది. స్వర్గబ్రహ్మ ఆలయం బయటి గోడల మీద దిక్పాలకులున్నారు. ఆగ్నేయంలో అగ్ని, నైరుతిలో నిరృతి... అలా వాళ్లను చూసుకుంటూ తిరిగితే మీరున్న దిక్కు ఏదో తెలిసిపోతుంది.

ప్రశ్న: రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో తేలడం, ఇసుక మీద గుడి కట్టడం – ఇవి నిజమేనా? వీటికి మన తత్త్వంతో ఏమైనా సంబంధం ఉందా?
– హనుమకొండ నుంచి

రెండూ నిజమే, రెండూ ఇంజనీరింగే. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఈ రుద్రేశ్వరాలయం కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. తేలే ఇటుకలు గుడి అంతా ఉండవు, గర్భగుడి పైన శిఖరంలో మాత్రమే ఉంటాయి. లోపల సన్నటి రంధ్రాలుండటంతో అవి తేలిక. పైన బరువు తగ్గితే కింద రాతి గోడలకు, దూలాలకు ఒత్తిడి తగ్గుతుంది. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద కట్టడం కాకతీయుల పద్ధతి. నాలుగు వైపులా కదలకుండా బిగిసి ఉన్నంతకాలం ఇసుక బరువును బాగానే మోస్తుంది. పక్కన గొయ్యి తీసి దానికి దారి ఇస్తే జారిపోతుంది, పైనున్న రాయి దిగుతుంది. ఇలాంటి గుళ్ల పక్కన కాలువలు, పైపులైన్ల కోసం తవ్వొద్దనేది అందుకే. రామప్ప మంటపంలో నేల ఎగుడుదిగుడుగా ఉండటం మీరు గమనించే ఉంటారు.

తత్త్వం కోసం వెతకాల్సింది అరుగు దగ్గర. గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద నిలబడి ఉంది, ఆ అరుగే ప్రదక్షిణ దారి. దాని మీద నడిచేవాడికి గోడ అడుగు వరసలో ఏనుగులు ఒకదాని వెనక ఒకటి తోడుగా నడుస్తాయి. తల ఎత్తితే చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీల బొమ్మలు. గుడి ఒంటికి ఎర్రని ఇసుకరాయి, ఈ బొమ్మలకు నునుపు తేలే నల్లరాయి అని శిల్పులు రెండు రాళ్లు ఎంచుకున్నారు. ఇసుకరాయిలో నగల గొలుసు అంత సన్నగా తేలదు. ఈ నాట్య భంగిమలను విడిగా చూడకూడదు. గణపతిదేవుడి గజసేనాని జాయప ఆ శతాబ్దంలోనే నృత్తరత్నావళి రాశాడు. ఆ శాస్త్రాన్నీ ఈ రాళ్లనూ పక్కపక్కన పెట్టుకునే ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు.

ప్రశ్న: తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధనం చేస్తారు కదా. అది జిగురేనా, ఇంకేమైనా ఉందా? మా గుళ్లో సిమెంటు పెడితే తప్పేమిటి?
– చిత్తూరు జిల్లా నుంచి

విగ్రహానికీ పీఠానికీ మధ్య సందులో నింపే బంధం అది. ఎనిమిది దినుసులు. వాడుకలో ఉన్న ఒక జాబితా ఇది: లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి, ఇంగిలీకం, సున్నపురాయి పొడి, ఎర్ర పత్తి, గేదె వెన్న. పాళ్లు ఆగమాన్ని బట్టి, స్థపతి సంప్రదాయాన్ని బట్టి మారతాయి. విడివిడిగా పొడిచేసి, జల్లించి, కలిపి, రోట్లో గంటల తరబడి దంచుతారు. దంచే వేడికి ముద్ద మైనంలా సాగుతుంది. అప్పుడు తాళ్లలా చేసి సందులో కూరుతారు. మెల్లగా గట్టిపడుతుంది. దంచడం తక్కువైతే పత్తి పోగులు కలవక పగుళ్లిస్తుంది. వెన్న ఎక్కువైతే ఎన్నాళ్లైనా మెత్తగానే ఉండిపోతుంది.

రోజూ జరిగే అభిషేకాల నీళ్లు, పాలు పీఠం కింద రత్నన్యాసం (ప్రతిష్ఠలో రత్నాలు ఉంచడం) చేసిన గుంటలోకి దిగకుండా ఇది ఆపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అంచులు విడిపోతాయి, విగ్రహం కదలడం మొదలవుతుంది. అప్పుడు తీసి కొత్తది వేయాలి. సిమెంటు ఇక్కడే పనికిరాదు. వేశాక తీయాలంటే ఉలి పెట్టి కొట్టాలి, ఆ దెబ్బ విగ్రహం పాదానికి తగులుతుంది. పైగా రాయి వేడికీ చలికీ సాగి ముడుచుకుంటుంటే సిమెంటు దానితో పాటు కదలదు, అంచున సన్నగా చీలుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు దిగుతాయి.

పని జరిగినన్నాళ్లూ స్వామి అక్కడ ఉండరు. కళను కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయంలో (తాత్కాలిక గుడిలో) ఉంచుతారు, పని పూర్తయ్యాక మళ్లీ మూలమూర్తిలోకి తెస్తారు. తిరుమలలో 2018 ఆగస్టులో ఇలాగే జరిగింది. రాయికీ దైవానికీ మన ఆగమాలు ఎంత తేడా చూపిస్తాయో ఈ ఒక్క క్రతువు చూస్తే చాలు. రప్పిస్తే వస్తాడు, సాగనంపితే వెళ్తాడు, ఆ మధ్యకాలంలో శిల్పి నిస్సంకోచంగా సుత్తి పట్టుకోవచ్చు. కొత్త విగ్రహానికీ అంతే. బంగారు సూదితో కళ్లు తెరిచే నేత్రోన్మీలనం అయ్యేదాకా అది శిల్పి సొత్తు.

ప్రశ్న: మాది విజయనగర కాలపు గుడి అని పెద్దలంటారు. కప్పు కారుతోంది, గోపురం మీద రావి మొక్కలు మొలిచాయి. కమిటీవాళ్లు శాండ్ బ్లాస్టింగ్ చేయించి, స్తంభాలకు రంగులేసి, నేలకు గ్రానైటు వేయిద్దామంటున్నారు. ఏం చేయాలి?
– అనంతపురం జిల్లా నుంచి

ముందు ఆ మూడు పనులూ ఆపించండి. డబ్బు మిగులుతుంది, గుడి కూడా మిగులుతుంది.

గుడి ఎవరి అధీనంలో ఉందో తెలుసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి కావాలి. కట్టడం మీద చేయి వేసే హక్కు ఆ శాఖకే ఉంటుంది. రాష్ట్ర పురావస్తు శాఖ జాబితాలోనో దేవాదాయ శాఖ కిందనో ఉంటే వాళ్ల ఇంజనీరు, స్థపతి అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి.

శాండ్ బ్లాస్టింగ్ మసితో పాటు రాతి పైపొరను కూడా లేపేస్తుంది. అయిదు వందల ఏళ్ల నాటి ఉలి గాట్లు, శాసనం అక్షరాల అంచులు, శిల్పాల కనురెప్పలు పోతాయి. గరుకుతేలిన రాయి మునుపటి కన్నా ఎక్కువ నీరు, దుమ్ము పట్టుకుంటుంది. ఎనామిల్ రంగు వేస్తే వేరే చిక్కు. నేలలోంచి రాతిలోకి ఎక్కే తడి బయటకు ఆరిపోవాలి. రంగు దాన్ని ఆపేస్తే తడిలోని ఉప్పు రంగు పొర వెనకే గడ్డకట్టి, రాయిని పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. స్తంభం మొదట్లో పొడి రాలుతుంటే ఇదే కారణం. పాత సున్నం పూతలను మెత్తని కుంచె, మామూలు నీళ్లతో తడిపి, వెదురు బద్దతో నెమ్మదిగా తీయొచ్చు. యాసిడ్ ముట్టొద్దు, వైరు బ్రష్షూ వద్దు. పూత కింద రంగుల ఛాయ కనబడితే అక్కడితో ఆగిపోయి నిపుణులను పిలవండి. లేపాక్షి కప్పు మీద ఉన్నలాంటి కుడ్యచిత్రం మీ గుళ్లోనూ ఉండి ఉండొచ్చు.

రావి మొక్కను పట్టుకుని లాగకండి. వేరుతో పాటు రాయి కదులుతుంది. మొదలు దగ్గర కోసి, వేరుకు మందు పట్టించి, పూర్తిగా ఎండాక దొరికినంత మేర తీసి, ఆ సందును సున్నం గచ్చుతో నింపాలి.

కప్పు సంగతి అసలైనది. పాతకాలం కప్పుల మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మెస వేసి, వాలు ఇచ్చేవారు. కారినప్పుడల్లా దాని మీదే కాంక్రీటు పోస్తూ పోతే బరువు పెరిగి కింద రాతి దూలాలు నడిమికి చీలతాయి. ముందు ఆ అదనపు పొరలు దించండి, పూడుకుపోయిన తూములు తెరవండి. సగం గుళ్లకు ఈ రెండు పనులతోనే కారడం తగ్గుతుంది. తర్వాత సున్నం పని. సున్నాన్ని కనీసం రెండు మూడు వారాలు నీళ్లలో ఊరనివ్వాలి. నీళ్లలో పూర్తిగా విరగని గుల్లలు మిగిలితే గచ్చు వేశాక ఉబ్బి పొక్కులొస్తాయి. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇసుక, లేదా ఒక పాలు ఇసుక, ఒక పాలు ఇటుక పొడి. కరక్కాయ, బెల్లం నానబెట్టి పులిసిన నీళ్లతో కలిపి గానుగలో రుబ్బాలి. గచ్చు మీద తడి గోనెలు కప్పి పది పదిహేను రోజులు ఆరనివ్వకుండా చూడాలి. ఎండలో తొందరగా ఆరితే గోరుతో గీకితేనే పొడిగా రాలుతుంది. ఈ తప్పు జరిగాక "సున్నం పాతకాలం సరుకు, నిలవదు" అనేస్తారు. సున్నాన్ని నీళ్లలో వేసేటప్పుడు సలసల మరుగుతుంది, కళ్లకు అద్దాలు లేకుండా ఎవర్నీ దగ్గరకు రానివ్వకండి.

రాళ్లు విప్పి పేర్చాల్సి వస్తే ముందు ఫొటోలు, పటం. ప్రతి రాతికీ దిక్కు, వరస, సంఖ్య రాయండి. తూ-3-7 అంటే తూర్పు గోడ మూడో వరసలో ఏడో రాయి. అంకె బయటకు కనబడే మొహం మీద రాయకూడదు, సందులో దాగే పక్క మీద రాయాలి. రాళ్లను కలపడానికి ఇనుప కొక్కేలు వాడొద్దు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాయిని చీలుస్తుంది. రాగి గానీ తుప్పు పట్టని ఉక్కు గానీ వాడండి.

గ్రానైటు నేల గురించి పైన ఒక జవాబులో చెప్పాం, ఇక్కడ ఇంకోటి. చుట్టూ ఆవరణ ఎత్తు పెంచితే ఉపానం, జగతి, కుముదం వంటి అధిష్ఠానం (గుడి అడుగు భాగం) వరసలు మట్టిలో కూరుకుపోతాయి. గుడిని దేహమన్నాం కదా, పాదాలే కనబడకుండా పోతాయి. వాన నీరు కూడా బయటికి పోకుండా గర్భగుడి వైపు తిరుగుతుంది. పాత బండలనే లేపి, కింద ఇసుక సరిచేసి, వాలు చూసి మళ్లీ పరిపించండి.

గోడ మీద శాసనం ఉంటే అక్షరాలను సుద్దతోగానీ రంగుతోగానీ దిద్దకండి. పక్క నుంచి టార్చి వెలుగు పడేలా పెట్టి ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపండి. తడి కాగితం మీద కుంచెతో కొట్టి, సిరా అద్ది నకలు తీసేది వాళ్లే. గుడి విజయనగరం నాటిదో కాదో పెద్దల మాట కన్నా ఆ రాయే గట్టిగా చెబుతుంది.

విగ్రహాలకు దెబ్బలుంటే ఆగమ పండితుణ్ని అడగండి. గోరు, నగ వంటి ఉపాంగం విరిగితే బాగుచేసుకోవచ్చన్నది సాధారణ నియమం. చేయి, ముక్కు, మొహం విరిగితే మూలవిరాట్టుగా ఉంచరు. అలా తీసిన పాత విగ్రహాన్ని చెరువులో కలిపే ముందు పురావస్తు శాఖకు తెలియజేయండి, మ్యూజియంలో చోటు దొరకొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి పది పాసయ్యాడు, బొమ్మలు బాగా వేస్తాడు. శిల్పం ఎక్కడ నేర్చుకోవచ్చు?
– నెల్లూరు నుంచి

తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో రాతి, లోహ, కొయ్య, సుధా (సున్నపు గచ్చు) శిల్పం, ఆలయ నిర్మాణం, కలంకారి విభాగాలున్నాయి. పది పాసైనవారికే డిప్లొమా కోర్సు. ప్రకటన వేసవిలో చూస్తుండండి. తమిళనాడు ప్రభుత్వ కళాశాల మహాబలిపురంలో ఉంది. చేరే ముందు అబ్బాయిని ఆళ్లగడ్డలోగానీ పల్నాడు దుర్గిలోగానీ ఒక శిల్పి దగ్గర నెల రోజులు ఉంచండి. మొదట్లో రోజంతా ఉలులు సానపెట్టడం, బద్ద మీద తాళాలు గీయడం, రాతిని చదును చేయడం తప్ప బొమ్మ జోలికి రానివ్వరు. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు హాని. మెషిన్ కట్టర్ దగ్గర పనిచేసేటప్పుడు మంచి మాస్కు, నీళ్లు చిలకరిస్తూ కోసే ఏర్పాటు ఉన్న చోటే ఉంచండి.